ఏరు అంటే

ఫిబ్రవరిలో ఖమ్మం మిర్చి యార్డు గేటు దగ్గర మొదలుపెట్టిన మాట ఎవరూ ఒక్క దమ్ములో పూర్తి చేయలేరు. మధ్యలో దగ్గు వస్తుంది. కొత్తవాళ్లు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. పాతకాపులు మాటలే తగ్గించేస్తారు. తేజ రకం కాయ, సన్నగా, ఎర్రగా, బస్తాల మూతుల్లోంచి బయటికి పొంగుతూ వరసలు తీరి ఉంది. టీ తాగుతూ ఒక కమిషన్ వ్యాపారిని ఊరికే అడిగాను, ఈసారి కూలీలు దొరికారా అని. "మనవైపు ఎక్కడ దొరుకుతున్నారండీ? భద్రాచలం అవతల కాయంతా ఛత్తీస్‌గఢ్ పిల్లలే ఏరతారు" అన్నాడు.

కూలీలను పిల్లలనడం మనకు అలవాటే. "మా పిల్లలొస్తారు" అంటే నలభై ఏళ్లవాళ్లు రావచ్చు. ఆయన అలా అన్నాడా, ఉన్నమాటే అన్నాడా అని అడిగేలోపు ఇంకో లారీ వచ్చింది, ఆయన అటు వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట తేల్చుకోవడానికే భద్రాచలం బస్సెక్కానంటే అబద్ధమవుతుంది. చర్ల దగ్గరుండే ఒక మిత్రుడు ఏడాదిగా రమ్మంటున్నాడు. కానీ దారి పొడవునా నా చెవిలో మోగింది మాత్రం ఆ మాటే.

కొత్తగూడెం దాకా బొగ్గు లారీల వెనక ప్రయాణం. పాల్వంచలో పొగగొట్టాలు, సారపాకలో కాగితం మిల్లు. వంతెన మీదికి రాగానే బస్సులో సగంమంది చేతులు జోడించారు. కింద గోదావరి ఇసుక తిన్నెల మధ్య సన్నగా, ఎండాకాలపు ఏర్పాట్లలో ఉంది. 1986లోనూ 2022లోనూ ఇదే నది డెబ్భై అడుగులు దాటిందంటే చూసినవాళ్లకు తప్ప నమ్మకం కుదరదు.

మనుషులు వలసపోవడం ఎక్కడైనా ఉంది. ఇక్కడ ఊళ్లే వలసపోతాయి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు కోసమని చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి, పట్టణాన్ని తెలంగాణలో ఉంచారు. 2016లో ఆ పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. అవతలికి వెళ్లిన ఎటపాక, చింతూరు, కూనవరం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఎటపాకలో పుట్టి, పెళ్లికి తప్ప ఊరు దాటని ఒక ముసలాయన తన జీవితంలో ఎన్నిసార్లు జిల్లా మారాడో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. భద్రాచలం నుంచి చర్ల రోడ్డు పట్టుకుంటే పట్టణం పొలిమేరలోనే ఆంధ్రప్రదేశ్ బోర్డు కనబడుతుంది. కన్నాయిగూడెం దాటి దుమ్ముగూడెం మండలంలోకి వెళ్లేసరికి మళ్లీ తెలంగాణ. ఎడమచేతి వైపు గోదావరి, కుడిచేతి వైపు అడవి. ఆ అడవి వెనకాల ఛత్తీస్‌గఢ్. బస్సు టికెట్ మారదు, డ్రైవరు మారడు. మారేదల్లా పెట్రోలు ధర, గోడల మీది నాయకుల బొమ్మలు, ఇంకా బడుల లెక్కలు.

దారిలో పర్ణశాలకు తిరిగే మలుపు వస్తుంది. ఈ వైపు వచ్చిన ప్రతి రచయితా అక్కడ ఆగి, రాముడి వనవాసాన్ని తెచ్చి నేటి వలసతో ముడివేస్తాడు. నేను ఆగలేదు. రాముడికి తిరిగి వెళ్లే తేదీ తెలుసు.

మిత్రుడు చర్లలో మోటారు సైకిల్‌తో నిలబడి ఉన్నాడు. పేరు రాయను. ఇక్కడి కోయవాడే. డిగ్రీ అయ్యాక ఒక ప్రభుత్వ బడిలో విద్యా వాలంటీరుగా చేశాడు. 2020లో కరోనా వచ్చి బడులతో పాటు ఆ ఉద్యోగమూ మూతపడింది. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే కొద్దిపాటి జీతం మీద, అడవి లోపలి ఒక వలస గుంపులో పాఠాలు చెబుతున్నాడు. "ముందు తోటకెళ్దాం సార్. సగం క్లాసు అక్కడే ఉంది" అన్నాడు. హాస్యమనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

గోదావరి ఒండ్రు నేలలో మిర్చి తోట. యాభై మంది దాకా వంగి ఏరుతున్నారు. వెనక గట్టు మీద టార్పాలిన్ పట్టాల కింద రెండు నెలల కాపురం: సత్తు గిన్నెలు, దుప్పటి మూటలు, ఒక సెల్‌ఫోన్‌కు వేలాడుతున్న చిన్న సోలార్ పలక. మేస్త్రీ వరస వెనకాల తిరుగుతూ, "ఏరు, ఏరు, పండు కాయే ఏరు" అని అరుస్తున్నాడు. వరసల్లో పదేళ్లవాళ్లు, పన్నెండేళ్లవాళ్లు ఉన్నారు. వ్యాపారి మాట రెండు అర్థాల్లోనూ నిజమే.

గట్టు మీద చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని ఒక పిల్ల. ఏడేళ్లుండొచ్చు. నా దగ్గరికొచ్చి "ఏరు" అంది. మేస్త్రీ మాటను ఆటగా అనుకరిస్తోందనుకున్నాను. మళ్లీ "ఏరు" అంటూ నా సంచిలోని సీసా వైపు చూసింది. "నీళ్లు అడుగుతోంది సార్. మా భాషలో ఏరంటే నీళ్లు" అన్నాడు మిత్రుడు.

సీసా ఇచ్చాను. తమ్ముడికి ముందు పట్టింది. నేను గట్టు మీద కూర్చున్నాను. తెలుగులో ఏరు పారుతుంది, తెలుగులోనే కాయ ఏరతాం, ఈ పిల్ల దాహానికి ఏరు కావాలి. ఒకే రెండక్షరాలు. గోండీ, కోయ, తెలుగు ఒకే ద్రావిడ గూటి భాషలు కాబట్టి చుట్టరికం ఉండడంలో వింత లేదు. మన ఏరూ వాళ్ల ఏరూ ఒక్క ఇంటి నీళ్లే. అయితే దగ్గరి చుట్టాల మధ్యే అపార్థాలెక్కువ. మిత్రుడు ఇంకోటి చెప్పాడు. కోయలో 'నన్న' అంటే నేను. కొత్తగా వచ్చిన టీచరు పిల్లవాణ్ణి నిలబెట్టి "మీ నాన్న పేరేంట్రా?" అని అడిగితే వాడు గుండె మీద చెయ్యేసుకుని తన పేరే చెబుతాడు. టీచరు రిజిస్టరులో తండ్రి పేరు గడిలో రాసేస్తుంది. కొన్ని రిజిస్టర్లలో అలా కొడుకులే తండ్రులయ్యారట.

ఈ పిల్లలు రెండు రకాలు. ఆ తేడా తెలియక మనం అందరినీ వలస కూలీలనే ఒక్క గంపలో వేస్తాం.

ఒక రకం ఋతువును బట్టి వచ్చేవాళ్లు. బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి జనవరిలో బొలెరోల్లో, ట్రాలీ ఆటోల్లో, అడవి దగ్గరయితే కాలినడకన దిగుతారు. మిర్చి అయిపోయేదాకా ఉంటారు. ఇప్పపువ్వు రాలే వేళకో, తునికాకు కోతకో తిరిగి వెళ్తారు. మన విద్యా సంవత్సరం జూన్ నుంచి ఏప్రిల్ దాకా. అంటే పాఠాలు ముగిసి పరీక్షలు దగ్గరపడే రోజులే కాయ ఎర్రబడే రోజులు. అక్కడి బడిలో హిందీలో సగం చదివిన రెండో తరగతి ఇక్కడి తోట గట్టు మీద ఆగిపోతుంది.

రెండో రకం వచ్చి ఉండిపోయినవాళ్లు. 2005 జూన్‌లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసీలనే ఆయుధాలతో నిలబెట్టారు. ఊళ్లు తగలబడ్డాయి. జుడుం శిబిరానికి వెళ్తే ఒకరు శత్రువన్నారు, వెళ్లకపోతే ఇంకొకరు శత్రువన్నారు. బడి భవనాల్లో బలగాలు దిగాయి, ఆ సాకుతో మావోయిస్టులు బడులను కూల్చారు. ఎటూ ఉండలేని వేలమంది అడవి గుండానే నడిచి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చి, కొంత చెట్టు నరికి, పోడు కొట్టి, గుడిసెలు వేసుకున్నారు. పేపర్లు వీళ్లను గొత్తికోయలని రాస్తాయి. వాళ్లను అడిగితే కొందరు ముర్యా అంటారు, కొందరు కోయతూర్ అంటారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆ పోరుకు వాడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఇక్కడ పుట్టిన పిల్లలకు బడి ఈడొచ్చేసింది.

మధ్యాహ్నం దాటాక గుంపుకు బయల్దేరాం. రోడ్డు దిగాక బండి ఒక వాగు ఇసుకలో ఇరుక్కుంది. ఇద్దరం దిగి తోశాం. వాగులో చెలమ తోడుకుని ఆడవాళ్లు నీళ్లు నింపుకుంటున్నారు. ఎండిన మోదుగు, నిండా పూత. ఆ ఎరుపు చూసి నేను ఏదో అనబోతే మిత్రుడు, "పూలు బాగుంటాయి సార్, ఎండాకాలం వచ్చేసిందని గుర్తు. ఈ చెలమ ఇంకో నెలే" అన్నాడు.

గుంపంటే ముప్ఫై గుడిసెలు. వెదురు తడికల మీద మట్టి మెత్తి, చుట్టూ దడి కట్టుకున్నవి. కరెంటు లేదు. ప్రతి ఇంటి ముందూ ఊడ్చి, అలికి, అద్దంలా ఉంది. బడి ఒక తాటాకు పాక. గోడలు సగం దాకానే. ఒక తడికకు నల్లరంగు పూసి బోర్డు చేశారు. ఇరవై ముగ్గురు పిల్లలుండాలి, పదకొండుమంది ఉన్నారు. మిగతావాళ్లెక్కడని అడగలేదు. పొద్దున చూసే వచ్చాను కదా.

పక్కా భవనం ఎందుకు లేదని అడిగితే సమాధానం చెట్టులా కొమ్మలు వేస్తుంది. ఇది రిజర్వు అడవి. సిమెంటు బస్తా దిగితే అటవీశాఖ వస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో బడి కోసం ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చనే వెసులుబాటుంది. అయితే గ్రామసభ కావాలంటే ముందు ఇది ఒక ఊరని ఎవరైనా ఒప్పుకోవాలి. అదే చట్టం 2005 డిసెంబరు 13ని గడువుగా పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీలకే భూమి హక్కు. వీళ్లలో చాలామంది ఆ గడువు దాటాక ఇల్లు కాలినవాళ్లు. ఇల్లు ఎప్పుడు కాలాలో ముందే తెలిస్తే కాస్త తొందరగా బయల్దేరేవారేమో.

అటవీశాఖది పూర్తిగా తప్పని కూడా రాయలేను. వస్తూ వస్తూ దారిలో నరికిన మొద్దులు నేనూ చూశాను. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజి అధికారిని గొత్తికోయలు చంపారు. తన పని తాను చేస్తున్న మనిషి. ఆ తర్వాత ఈ గుంపుల మీద చుట్టుపక్కల ఊళ్ల చూపు మారింది. పిల్లల్ని బడికి పంపితే అక్కడ ఏమంటారోనని తల్లులు కొన్నాళ్లు పంపలేదట.

పాకలో పాఠం మొదలైంది. పిల్లలు మిత్రుణ్ణి సారని పిలవరు, దాదా అంటారు. బోర్డు మీద ఇంటి బొమ్మ వేసి, "ఇదేంటి?" అన్నాడు. "లోను" అన్నారంతా. పక్కనే 'లోను' అని తెలుగు అక్షరాల్లో రాసి, దాని కింద 'ఇల్లు' అని రాశాడు. "ఇల్లు లోను. ఇంట్లో లోన. చూశారా, సగం తెలుగు మీకు వచ్చేసినట్టే" అన్నాడు కోయలో, నాకోసం మళ్లీ తెలుగులో. తర్వాత బొమ్మ ఏది వేస్తాడో ఊహించాను, వేశాడు. వాగు. దాని పక్కన కుండ. 'ఏరు' అని రెండింటికీ మధ్యలో రాశాడు.

ఈ పద్ధతి అతను కనిపెట్టింది కాదు. 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, సవర, లంబాడీ, ఆదివాసీ ఒడియా, మొత్తం ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ఒకటో తరగతి వాచకాలు చేశారు. ముందు 240 బడుల్లో పెట్టారు. పిల్ల ఇంటి భాషలో మొదలై మెల్లగా తెలుగులోకి నడవాలన్నది ఆలోచన. 2009 విద్యా హక్కు చట్టం కూడా వీలున్నంత వరకు మాతృభాషలోనే చెప్పమంటుంది. ఆ 'వీలున్నంత వరకు' అన్నమాట మన దేశంలో ఎన్ని ఆలోచనల్ని మింగిందో! మిత్రుడి దగ్గర అప్పటి కోయ వాచకం ఒకటి ఉంది. అట్ట పోయింది. దాన్ని బియ్యం డబ్బాలో దాస్తాడు, చెదలకు భయపడి.

2022 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. కాబట్టి బీజాపూర్ పిల్ల ఇంట్లో కోయ, అక్కడి బడిలో హిందీ, ఇక్కడి ఊళ్లో తెలుగు, ఇక్కడి పుస్తకంలో ఇంగ్లిష్ దాటుకుంటూ రావాలి. నీళ్లు తాగడానికి నాలుగు మాటలు.

రికార్డుల్లో ఇలాంటి పాకకు ఎన్నార్‌ఎస్‌టీసీ అని పేరు, నివాసం లేని ప్రత్యేక శిక్షణ కేంద్రం. విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్ నుంచి పుట్టింది. బడి తప్పిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, ఆ తరగతిని అందుకోవడానికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా విడిగా చెప్పాలి. ఊరొదిలి వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లున్నాయి, బడి దూరమైతే రవాణా భత్యం ఉంది, తెలంగాణలో ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియా టీచర్లతో పని చోట బడులు నడిపిన అనుభవం కూడా ఉంది. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలల్లో గొత్తికోయ పిల్లలు చదువుతున్నారు, కొందరు పదో తరగతి గట్టెక్కారు. ఇవన్నీ కాగితం మీదే ఉన్నాయని తేల్చేయడం సులువు, కానీ నిజం కాదు. ఉన్నచోట ఉన్నాయి. ఒక మండలంలో సారుకు పట్టింపు ఉంటే ఉంటాయి, ఆయన బదిలీ అయితే ఆయన వెనకాలే పోతాయి.

సాయంత్రం జావ తాగుతూ ఒకామెతో మాట్లాడాను. నా తెలుగు ఆమెకు, ఆమె కోయ నాకు మిత్రుడు దాటించాడు. పెద్ద కొడుకు పది పాసయ్యాడు. ఇంటర్‌లో చేర్చడానికి వెళ్తే కులధ్రువీకరణ పత్రం అడిగారు. ఏ కార్యాలయమో రాయను, ఎక్కడికెళ్లినా అడిగేది అదే. ఛత్తీస్‌గఢ్‌లో వీళ్లు షెడ్యూల్డు తెగ. గుట్టకోయ అనే పేరు మన జాబితాలోనూ ఉంది. అయినా రాష్ట్రం దాటొచ్చినవాళ్లకు ఆ హోదా వెంట రాదు. దీని మూలం 1990 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఆ కేసు మనవాడిదే. తెనాలిలో పుట్టిన తెలుగు కుర్రాడు, మన దగ్గర గిరిజన తెగకు చెందినవాడు, తండ్రి ఉద్యోగం వల్ల ముంబైలో పెరిగి, అక్కడ వైద్యవిద్యలో గిరిజన కోటా సీటడిగాడు. తెగ గుర్తింపు ఆ రాష్ట్రానికే పరిమితమని కోర్టు తేల్చింది. తెనాలి కుర్రాడికి ముంబైలో పడిన తలుపే ఇప్పుడు బీజాపూర్ కుర్రాడికి ఇక్కడ పడింది.

"మీవాళ్లు దీనికేమంటారు?" అని మిత్రుణ్ణి అడిగాను. అతను స్థానిక కోయ కాబట్టి కావాలనే అడిగాను. కాసేపు పుల్లతో నేల గీశాడు. "మా ఊళ్లో చాలామందికి ఇష్టం లేదు సార్. ఉన్న నాలుగు ఉద్యోగాలు, ఉన్న నాలుగు సీట్లు. వీళ్లకు సర్టిఫికెట్ ఇస్తే మాకేం మిగుల్తుందంటారు. అదీ నిజమే. నేను ఇక్కడ పాఠం చెప్తుంటే మా బాబాయే నన్ను తిడతాడు." మళ్లీ నేల గీసి, "ఒకటో తరగతికి సర్టిఫికెట్ అక్కర్లేదు కదా సార్, అంతవరకూ నేను చెప్తాను" అన్నాడు.

ఒకటో తరగతికి అక్కర్లేదన్నది విద్యా హక్కు చట్టం మాట. వయసు పత్రం లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షన్‌లో ఉంది. పిల్ల బడిలో కూర్చుంటుంది కూడా. కానీ ఆన్‌లైన్ పేజీలో ఆధార్ సంఖ్య గడి నింపకపోతే అక్కడ ఆమె లేనట్టే. ఆధార్‌కు పుట్టిన తేదీ పత్రం కావాలి. ఆమె పుట్టింది అడవిలో, పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. సారపాకలో టన్నులకొద్దీ కాగితం తయారవుతోంది. ఈ గుంపుకు రావలసింది అందులో ఒక్కో పిల్లకు ఒక్క ముక్క.

వలస పిల్ల వెంట చదువు నడవాలనే ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో పొలం కూలీల పిల్లల కోసం 1966లోనే చట్టం మార్చారు. స్కూల్ డిస్ట్రిక్టు మనుషులు పొలాలకు, కూలీల గుడారాలకు వెళ్లి పిల్లల్ని వెతికి పేర్లు రాసుకుంటారు. ఒకసారి ఊరు మారిన పిల్లకు మూడేళ్ల దాకా ఆ సాయం అందుతుంది. ఒక రాష్ట్రంలో చదివిన పాఠం ఇంకో రాష్ట్రం టీచరుకు తెలిసేలా రికార్డులు పంచుకునే వ్యవస్థ కూడా పెట్టారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. నాకు నచ్చింది ఒక్కటే: బడే తోటకు వెళ్తుంది. మన దగ్గరా అలా ఆలోచించినవాళ్లున్నారు. 2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ బృందం దంతెవాడకూ ఖమ్మానికీ వచ్చింది. నెల్లూరులో పుట్టి, రంగారెడ్డి జిల్లాలో బ్రిడ్జి శిబిరాలతో వేల పిల్లల్ని పనిలోంచి బడిలోకి దాటించిన శాంతా సిన్హా అప్పుడు కమిషన్ అధ్యక్షురాలు. 2010 చివర్లో కమిషన్ బాలబంధు అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అయిదు రాష్ట్రాల్లో తొమ్మిది జిల్లాలు, వాటిలో ఖమ్మం ఒకటి. పద్ధతి చాలా మామూలుది. భవనం కాదు, ఊరికి తెలిసిన ఒక యువకుడో యువతో, పిల్లకూ బడికీ మధ్య తిరిగే మనిషి. కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. అప్పటి బాలబంధుల్లో ఒకరి దగ్గరే మిత్రుడు ఈ పని నేర్చుకున్నాడట. పథకాలు ఆగిపోయాక కూడా ఇలా ఒకరి నుంచి ఒకరికి కొంత మిగులుతుంది, ఏ నివేదికలోనూ కనబడదు.

రాత్రి గుంపులోనే పడుకున్నాను. నిద్ర పట్టలేదు. అవతల ఎవరో పిల్ల లేచి కుండలో నీళ్లు ముంచుకున్న చప్పుడైంది. 2020 గుర్తొచ్చింది. బీజాపూర్ జిల్లా పిల్ల, పన్నెండేళ్లు, ఇలాగే ఫిబ్రవరిలో మిర్చి ఏరడానికి ములుగు జిల్లాకు వచ్చింది. లాక్‌డౌన్‌తో పని ఆగింది. ఏప్రిల్‌లో తోటివాళ్లతో కలిసి అడవి దారిన ఇంటికి నడిచింది. మూడు రోజులు నడిచి, ఊరు ఇంకా కొన్ని కిలోమీటర్లుందనగా పడిపోయి చనిపోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందని డాక్టర్లు చెప్పారు. అప్పుడు ఆ వార్త చదివి నేనూ అందరిలాగే రెండు రోజులు బాధపడ్డాను. చివర్లో ఆ పిల్ల ఏ మాటతో నీళ్లడిగి ఉంటుందో అన్న ఊహ మాత్రం ఆ రాత్రే వచ్చింది.

పొద్దున బయల్దేరుతుంటే మిత్రుడు ఒక నోటుబుక్కు తీశాడు. ప్రభుత్వ రిజిస్టరు కాదు, తన సొంతం. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. పేరు, ఏం వచ్చు, ఏం రాదు, ఇప్పుడెక్కడుంది. చివరి గడిలో కొట్టివేతలే ఎక్కువ. ఒక పేరు ఎదుట మూడు తోటల పేర్లు కొట్టేసి నాలుగోది రాసి ఉంది. ఒక పేజీలోని మాటలు వేరే కాగితం మీదికి ఎక్కించి, మడిచి నా చేతిలో పెట్టాడు. "మీరు వెళ్లే దారిలో దుమ్ముగూడెం మండలంలో ఈ ఊరుంది. ఈ పిల్ల అక్కడి తోటలో ఉంది. బడి రోడ్డు మీదే. టీచరమ్మకిచ్చేయండి, ఆవిడకు తెలుసు." కూలికి వెళ్లిన ప్రతి పిల్ల గురించీ ఆ పక్క ఊరి బడికి ఇలా ఒక చీటీ పంపుతాడట. ఆటో డ్రైవర్లు, సంతకొచ్చినవాళ్లు, ఎవరు దొరికితే వాళ్ల చేత.

బడి దొరికింది. రెండు గదులు, ముందు వేపచెట్టు, పిల్లలు భోజనానికి పళ్లాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆ రోజు గుడ్డు. టీచరమ్మ యాభై దాటిన మనిషి. చీటీ చూడగానే, "ఆ అబ్బాయి పంపాడా?" అని కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

"అమ్మా, నమస్తే. ఈ పిల్ల వయసుకు రెండో తరగతి. అక్షరాలు వచ్చు, గుణింతాలు సగం వచ్చు. కూడికలు చేస్తుంది, తీసివేతలు చెప్పాలి. తమ్ముణ్ణి తీసుకొస్తే రానివ్వండి, లేకపోతే ఇద్దరూ రారు. నీళ్లను ఏరు అని రాస్తుంది. తప్పు కొట్టవద్దు."

ఆవిడ ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని, "పదండి, తీసుకొద్దాం" అంది. తోట ఫర్లాంగు దూరం. వెళ్లేసరికి గట్టు మీద పొయ్యిరాళ్లు మూడు, పక్కన బూడిద. టార్పాలిన్లు లేవు. నీళ్లు పెడుతున్న రైతు, కాయ అయిపోయిందని, ముఠా తెల్లవారుజామునే బండెక్కి గోదావరి దాటిందని చెప్పాడు. మణుగూరు వైపనుకుంటా, మేస్త్రీకే తెలియాలి. మేస్త్రీ ఫోను స్విచాఫ్.

తిరిగొచ్చాక టీచరమ్మ హాజరు పట్టీ తెరిచి, చివరి పేరు కింద ఆ పిల్ల పేరు రాసింది. పెన్సిల్‌తో. చీటీని అదే పేజీలో పెట్టి మూసి, మణుగూరు దగ్గర తన చెల్లెలి కోడలు టీచరుగా చేస్తోందంటూ ఫోను తీసింది.